పాత ఫిల్ము ఉందా?

ఎక్స్‌రే ఫిల్ములు కడిగే తొట్టిలో రాత్రంతా కదలకుండా ఉన్న డెవలపర్‌ను గవరయ్య చెక్కగరిటెతో అడుగునుంచి మూడుసార్లు కలిపి, చిటికెనవేలు ముంచి చూశాడు. ఆషాఢపు వాన నాలుగు రోజులుగా పట్టిన పట్టు వదలకపోవడంతో తొట్టి బాగా చల్లబడింది. ఇవాళ ఒక్కో ఫిల్ముకూ ఐదు నిమిషాలు పడుతుందనుకున్నాడు. గోడకు ఉష్ణమాపకం ఒకటి వేలాడుతూనే ఉంది. దాన్ని వారానికోసారి తుడుస్తాడు గానీ ఏనాడూ అందులోకి చూసిన పాపాన పోలేదు.

ఆ చీకటిగదిలో నిలబడితే ఇద్దరు, కూర్చుంటే ఒక్కరు పడతారు. వరసగా నాలుగు తొట్లు. డెవలపరు, నీళ్ళు, బొమ్మను నిలబెట్టే హైపో మందు, మళ్ళీ నీళ్ళు. పైన ఎర్రబల్బు. పక్కనున్న ఎక్స్‌రే గదికీ దీనికీ మధ్య గోడలో ఒక చెక్క గూడు ఉంది. అటునుంచి టెక్నీషియన్ నిమాయి ఫిల్ముపెట్టెను గూట్లో పెట్టి టకటకా కొడతాడు. ఇటునుంచి గవరయ్య తీసుకుంటాడు. తలుపుకు గడియ వేసి, ఫిల్మును స్టీలు చట్రానికి బిగించి తొట్టిలో దించి లెక్క మొదలుపెడతాడు. మూడువందలు. అతని లెక్క గడియారం ముల్లుతో సమానంగా నడుస్తుందని ఆసుపత్రిలో అందరూ ఒప్పుకుంటారు. ఈలోగా తలుపు తట్టినవాడు సూపరింటెండెంటయినా సరే, లోపలినుంచి వచ్చేది ఒకటే జవాబు, ఫిల్ము తొట్టిలో ఉంది, ఆగండి అని. వెలుతురు తగిలితే ఫిల్ము నల్లబడి చస్తుంది. ఇరవై తొమ్మిదేళ్ళలో అతను ఒక్క ఫిల్మునూ అలా చావనివ్వలేదు.

మనిషి పొడగరి, కానీ పైకప్పు తక్కువ ఎత్తున్న గదిలో ఏళ్ళతరబడి మసలడం వల్ల బయటకొచ్చినా తల వంచుకునే నడుస్తాడు. పదివేళ్ళ గోళ్ళూ గోధుమరంగుకు తిరిగాయి. ఒంటినుంచి ఎప్పుడూ పుల్లటి వాసనొకటి వస్తుంది. పెళ్ళాం బతికున్న రోజుల్లో, నువ్వు గుమ్మంలోకి రాకముందే నీ హైపో వచ్చేస్తాదని ఏడిపించేది. ఎండలోకి వస్తే కళ్ళు చిట్లించి, ఎదుటివాణ్ణి ఎవరో అన్నట్టు చూస్తాడు. గవరయ్య అన్న పేరు బెంగాలీల నోట్లో పడి 'గోబోర్‌దా' అయింది. గోబోర్ అంటే వాళ్ళకు పేడ, దా అంటే అన్న. మొదటి ఏడాది కోపం తెచ్చుకున్నాడు. తర్వాత పలకడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఎవరైనా సరిగ్గా గవరయ్యా అని పిలిస్తే తననేనా అని ఒకసారి వెనక్కి చూసుకుంటాడు.

ఆ ఉదయం అతని చెవులు గూటివైపు కాకుండా బయట వసారావైపు ఉన్నాయి. పదకొండు గంటలకు అక్క తవిటమ్మ సీటీ స్కాన్ ఫిల్ములు వస్తాయి. కలకత్తా భవానీపూర్‌లో ఈ ధర్మాసుపత్రి ఉన్న సందులో సీటీ యంత్రం లేదు. మెట్రో స్టేషన్ దాటాక ఉన్న ప్రైవేటు సెంటర్లో మొన్న తీయించారు. జబ్బు కాన్సరని పోయిన వారం సూదితో తీసిన ముక్కే చెప్పేసింది. ఇవాళ తేలాల్సింది ఇంకొకటి. అది ఊపిరితిత్తిలోనే ఉందా, బయటికి పాకిందా? లోపలే ఉంటే కోసి తీసేయొచ్చు. పాకితే లేదు.

ఇది తవిటమ్మ బతుకుకు సంబంధించిన ప్రశ్న. గవరయ్యకు మాత్రం దాని వెనక ఇంకో ప్రశ్న ఉంది. అది హైపో డబ్బాల వెనక, పాత ఆనందబజార్ పత్రికలో చుట్టి, గోడకు ఆనించి ఉంది. ఏడు నెలల కిందటి ఎక్స్‌రే ఫిల్ము. డాక్టరు మృత్యుంజయ బాబు ఇప్పటికి మూడుసార్లు అడిగాడు, పాత ఫిల్ము ఏదైనా ఉందా అని. మూడుసార్లూ లేదు సార్ అన్నాడు గవరయ్య. ఇవాళ ఎందుకు తెచ్చాడో అతనికే సరిగ్గా తెలియదు. కొయ్యడానికి వీలుందని తేలితే ఏడు నెలల వల్ల నష్టమేమీ జరగనట్టే. దాన్ని ముక్కలు చేసి గంగలో పారేయొచ్చు. లేకపోతే ఏం చెయ్యాలన్నది ఆలోచించడానికి అతనికి ధైర్యం చాలలేదు.

నిమాయి టకటకా కొట్టాడు. ఎవరిదో మోకాలు. గవరయ్య గడియ వేశాడు.

*

తొమ్మిదిన్నరకల్లా తవిటమ్మ వచ్చి వసారాలో బల్లమీద కూర్చుంది. అరవై రెండేళ్ళ మనిషి, ఆర్నెల్లలో డెబ్భై రెండయింది. రవిక భుజాలమీదినుంచి జారుతోంది. ఎడమ మెడలో ఒక ఎముక కొత్తగా బయటపడింది. ముప్పై ఎనిమిదేళ్ళు కార్పొరేషన్ రోడ్లు ఊడ్చిన చేతులు మాత్రం ఇంకా పెద్దవిగా, పనికి సిద్ధంగా ఉన్నట్టే ఉన్నాయి. ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని దానిమీద చేతులుంచుకుంది.

ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదట. ఈమె పుట్టగానే పక్కింటావిడకు చేటెడు తవుడికి అమ్మేసినట్టు చేసి, తిరిగి కొనుక్కుని, తవిటమ్మ అని పేరు పెట్టారు. అది టెక్కలి దగ్గర పల్లెలో, అక్కను అప్ప అనేవైపు. తర్వాత తండ్రి వాళ్ళను రైలెక్కించి హౌరాలో దింపి, కలకత్తా కార్పొరేషన్‌లో పాకీ పనిలో చేరాడు. తల్లి పోయేసరికి తవిటమ్మకు పన్నెండు, గవరయ్యకు నాలుగు. తమ్ముణ్ణి చెత్తబండి అంచుమీద కూర్చోబెట్టుకుని తండ్రితో పాటు వీధులు ఊడ్చింది. ఈ ఆసుపత్రి ముందు వీధి ఆమె బీటులోనే ఉండేది. ఇక్కడి పెద్దబాబు కారు దిగేవేళకు రోజూ ఎదురుపడి దండం పెట్టి పెట్టి, తమ్ముడికి గదులు తుడిచే పని ఇప్పించింది. చీకటిగది ముసలాయన పోయాక ఆ పనీ అతనికి వచ్చింది. కార్పొరేషన్ క్వార్టర్లలో చీపురు పట్టకుండా బతికిన మొదటివాడు గవరయ్యే. ఆ సంగతి తవిటమ్మ కొత్తవాళ్ళందరికీ చెప్పేది, అతను పక్కనుంటే మరీ గట్టిగా చెప్పేది.

ఇప్పుడు గట్టిగా చెప్పడానికి గొంతు లేదు. రెండు నెలలుగా మాట గుసగుసలా, గాలిలా మాత్రమే వస్తోంది.

"అద్దాల కాయితాలు ఒచ్చినాయేటిరా?" అంది, పదకొండు దాటాక గవరయ్య బయటికి రాగానే.

"ఇంకా నేదప్పా. చౌరంగీ కాడ ఊరేగింపేదో పోతందంట. బళ్ళన్నీ ఆగిపోనాయి."

"తిన్నావా?"

"తిన్నాను."

"అబద్దం. మొగం సూడు, పీక్కుపోనాది." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఓ పీల్పు పీల్చొద్దునా? గేటవతలకెల్లి?"

"డాక్టరుబాబు సూస్తే సంపేస్తాడు."

"ఆడు సంపేదేటి," అంది తవిటమ్మ. నవ్వబోతే దగ్గు వచ్చింది.

ఆమెది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. వాళ్ళవైపు ఆడవాళ్ళంతా అంతే. వానలో ఊడుస్తున్నా ఆరిపోదు, రెండు చేతులూ చీపురుకు ఖాళీగా ఉంటాయి, అందుకని ఆమెకు కలకత్తాలో మరీ నచ్చింది. ఊరినుంచి రైల్లో ఎవరొచ్చినా చుట్టాకు కట్ట తేవాల్సిందే. మానమని గవరయ్య ఏనాడూ చెప్పలేదు. పెంచినదాన్ని ఎలా మానమంటాడు?

ఆయా నాగేశ్వరి బక్కెట్టు మోసుకుంటూ అటే వచ్చింది. క్వార్టర్లలో వాళ్ళ వరసలోనే ఉండే పిల్ల. "పెద్దమ్మా, టీ తెత్తునా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండానే క్యాంటీన్‌వైపు వెళ్ళింది. గవరయ్య లోపలికి పోయాడు. గూట్లో మూడు పెట్టెలు ఎదురుచూస్తున్నాయి.

*

ఏడు నెలల కిందట, డిసెంబరులో, తవిటమ్మకు దగ్గు మొదలై నెల దాటింది. అప్పటికి క్వార్టర్లలో గవరయ్యకు ఒక హోదా ఉండేది. ఆదివారం పూట ఎవరి ఫిల్ములు వాళ్ళు తెచ్చి అతని గుమ్మం ముందు నిలబడేవారు. అతను ఒక్కోటీ ఆకాశానికెత్తి పట్టి, కళ్ళు చిట్లించి, గుండె పెద్దదయింది, అడుగున నీరు చేరింది, ఇక్కడ మచ్చ, అని చెప్పేవాడు. తర్వాత డాక్టరు చెప్పేదీ చాలాసార్లు అదే అయ్యేది. ఎక్స్‌రే గవరయ్య అనేవారు అతన్ని. ఆసుపత్రిలో పేడ అనిపించుకునేవాడికి ఆ పిలుపు ఎంత తియ్యగా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆసుపత్రిలో సిబ్బందికి ఒక వాడుక ఉంది. తేదీ దాటిపోయిన ఫిల్ములను పారేయరు. శనివారం మధ్యాహ్నం రోగులంతా వెళ్ళాక, తమవాళ్ళ కాలో చెయ్యో వాటిమీద తీసుకుంటారు. వాటికి రిజిస్టరుండదు, ఫిల్ముమీద పడే సీసపు నంబరుండదు, పేరుండదు. డాక్టరుకు చూపిస్తే ఫిల్ము ఎక్కడిదని అడుగుతాడు కాబట్టి చూపించరు. నిమాయి మంచివాడు. గోబోర్‌దా, దిదిని తీసుకురా, ఒకటి కొట్టేద్దాం అన్నాడు. తవిటమ్మను నిలబెట్టి ఛాతీ తీశాడు. గవరయ్యే కడిగాడు. తేదీ దాటిన ఫిల్ముకు ఎప్పుడూ ఉండే మసక దీనికీ ఉంది, పొగమంచు పట్టిన కిటికీలా. అయినా ఎడమవైపు పైన, కాలరెముక కింద, రూపాయి బిళ్ళంత మచ్చ కనిపించింది.

అలాంటి మచ్చలు అతను వెయ్యి చూశాడు. బస్తీల్లో ఆ చోట మచ్చంటే క్షయే. వసారాలో కూర్చున్న అక్క దగ్గరికి తడి ఫిల్ముతోనే వెళ్ళి, "క్షయప్పా. బయం నేదు, మందున్నాది" అన్నాడు. ఆమె ఫిల్ము వంక చూడనే లేదు. అతని ముఖం వంక చూసి, సరే అంది. క్వార్టర్ల దగ్గరుండే బస్తీ డాక్టరు, నువ్వు ఎక్స్‌రే మనిషివి, నువ్వు చూశాక ఇంకేం అని మందు రాసిచ్చాడు. కఫం పరీక్షలో క్షయ కనబడలేదు. ఒక్కోసారి కనబడదులే అని గవరయ్యే సర్దిచెప్పాడు. ఆ మసకలో, గుండెనీడ పక్కన ఇంకేదైనా దాక్కుందా అన్న అనుమానం అతనికి రాలేదు. ఒక్కసారి డాక్టరుబాబుకు చూపిస్తే పోయేది. నిమాయికి మాట వస్తుందని చూపించలేదు. అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. తనకు తెలుసు కాబట్టి చూపించలేదు.

*

సీటీ ఫిల్ములు పన్నెండింటికి వచ్చాయి. మృత్యుంజయ బాబు తన గదిలో లైటుపెట్టె వెలిగించి వాటిని తగిలించాడు. గవరయ్య కంటే ఆరేళ్ళు చిన్నవాడు. కుర్ర డాక్టరుగా చేరినప్పుడు తొలి తడి ఫిల్ము గవరయ్య చేతిమీదుగానే అందుకున్నాడు. ఆ గౌరవం కొద్దీ అతన్ని కూర్చోమన్నాడు. గవరయ్య కూర్చోలేదు.

ఒక్కో పెద్ద ఫిల్ముమీదా ఇరవై చిన్న బొమ్మలున్నాయి. మనిషిని మెడనుంచి కిందికి బ్రెడ్డులా ముక్కలు కోసి పరిచినట్టున్నాయి. ఏది ఊపిరితిత్తో ఏది గుండెకాయో గవరయ్యకు వెంటనే అందలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ చూపు ఇక్కడ అక్కరకు రాలేదు.

"మనం తీసేది నీడ, గోబోర్‌దా," అన్నాడు డాక్టరు బెంగాలీలో. "ముందున్నదీ వెనకున్నదీ ఒకదానిమీదొకటి పడతాయి. గుండె వెనక ఏముందో నీడ చెప్పదు. ఇది చెబుతుంది. ఇదిగో, ఇది గడ్డ. నిమ్మకాయంత ఉంది." పెన్ను కొస కిందికి జరిగింది. "ఇవి మధ్యలో గ్రంథులు. వాచాయి. గొంతుకు పోయే నరం ఈ సందులోంచే తిరిగి పైకొస్తుంది. దాన్ని నొక్కేశాయి. దిది గొంతు పోయింది అందుకే."

"మరి కొయ్యడానికి?"

డాక్టరు రెండో ఫిల్ము తగిలించాడు. చాలాసేపు పట్టింది అతనికి, లేదా గవరయ్యకు అలా అనిపించింది.

"ఇది కాలేయం. ఈ రెండు నల్లచుక్కలూ ఉండకూడదు. ఇది మూత్రపిండం మీదుండే గ్రంథి, ఇదీ ఉబ్బింది." పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఊపిరితిత్తిలోనే ఉంటే మొదటి దశ. గ్రంథులకొస్తే రెండు, మూడు. ఊపిరితిత్తి దాటి ఇంకో అవయవంలో కనిపిస్తే నాలుగు. నాలుగు తర్వాత ఇంక లేదు. దీనికి కత్తితో పని లేదు, గోబోర్‌దా. నొప్పికి రేడియేషన్ ఇప్పించొచ్చు. అది ఎంత తొందరపడి ఇప్పించాలన్నది, గడ్డ ఎంత వేగంగా పెరుగుతోందో తెలిస్తే చెప్పొచ్చు. ఒక్క పాత ఫిల్మయినా లేదా? ఎక్కడా తీయించలేదా?"

లేదు అనడానికి నోరు తెరిచాడు గవరయ్య. మూడుసార్లు అన్న మాటే, నాలుగోసారి కష్టమేమీ కాదు. "ఒక నిమిషం సార్," అని బయటికి వచ్చాడు. చీకటిగదిలోకి వెళ్ళి, డబ్బాల వెనకనుంచి ఆ పత్రిక పొట్లం తీశాడు. వసారాలో తవిటమ్మ టీ గ్లాసు పట్టుకుని వాన చూస్తోంది. అతన్ని చూసి కనుబొమ్మలెగరేసింది. అతను ఆగలేదు.

డాక్టరు పత్రిక విప్పి ఫిల్మును తగిలించాడు. రూపాయి బిళ్ళంత మచ్చ లైటుముందు మసకగా నిలిచింది.

"ఎప్పటిది?"

"డిసెంబరు."

"నంబరేదీ?" అని, తనే మసకను చూసి అర్థం చేసుకున్నాడు. "తేదీ దాటిన ఫిల్ము. సరే. ఎవరు చూశారు దీన్ని?"

"నేనే సార్. క్షయ అన్నాను."

డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. తిడితే బాగుండునని గవరయ్య నిజంగా కోరుకున్నాడు. తిట్టలేదు.

"సార్, అప్పుడే మీకు చూపించి ఉంటే?"

"అప్పుడే సీటీ తీయించేవాణ్ణి. బహుశా ఇంతే ఉండేది, ఒక్క మచ్చ. కోయించేవాణ్ణి." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "బతికేదా అంటే నేను చెప్పలేను. కోయించేవాణ్ణి, అంతవరకు చెప్పగలను." తెల్లసిరా కలం తీసి గవరయ్యవైపు జరిపాడు. "దీనిమీద పేరు రాయి. తేదీ రాయి. మిగతావాటితో కవర్లో పెట్టు. పాత ఫిల్ము లేకుండా రిపోర్టు పూర్తికాదు."

గవరయ్య రాశాడు. బెంగాలీ అక్షరాల్లో తబిటమ్మ అని వచ్చింది, ఆ లిపిలో అంతకంటే కుదరదు. అక్షరాలు పొందికగా వచ్చాయి. అందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"దిదికి నేను చెప్పనా?" అన్నాడు డాక్టరు.

"వద్దు సార్. నేను చెబుతా."

*

బల్లమీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె పక్కన అలా పనివేళలో కూర్చోవడం ఇన్నేళ్ళలో ఇదే మొదలు.

"ఏటన్నాడు?"

"కాలేజం కాడికి ఎల్లిపోనాదంటప్పా. కొయ్యరంట. కరెంటు సెకలిస్తారంట, నొప్పి తగ్గడానికి."

తవిటమ్మ తలూపింది. గ్లాసులో చల్లారిన టీ కాస్త మిగిలింది, దాన్ని తాగేసింది.

"ఇంకోటున్నాది," అన్నాడు. "అప్పుడు శీతకాలంలో నిన్ను తీసినాం సూడు. అది క్షయ కాదు. అప్పుడే ఇదంట. నాను సూసి తప్పు సెప్పినాను. డాక్టరుబాబుకి సూపించనేదు."

గేటు దగ్గర ఒక రిక్షా మోకాలెత్తు నీళ్ళలో ఆగిపోయింది. లాగేవాడు చక్రం పట్టుకుని ఎత్తుతున్నాడు. ఆమె వాణ్ణే చూస్తోంది.

"అప్పుడే తెలిస్తే కోసుందురా?"

"కోసుందురంట."

"ఊఁ," అంది.

రిక్షా కదిలింది. తవిటమ్మ గ్లాసును బల్లకింద పెట్టి, అతనివైపు తిరిగింది. మాట కోసం ఊపిరి కూడదీసుకోవాల్సి వచ్చింది.

"నువ్వు సూసినావు గదాని ఏడు నెల్లు నిమ్మళంగా తొంగున్నానురా. ఇంకెవులు సూసినా ఆ నిద్దర కూడా ఉండకపోను."

క్షమించిందో, తిట్టిందో గవరయ్యకు తెలియలేదు. ఏడుపొచ్చింది. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె పెద్ద చెయ్యి ఒకసారి అతని వీపుమీద పడి, అక్కడే ఉండిపోయింది. యాభై ఏళ్ళ కిందట చెత్తబండి అంచునుంచి జారిపోకుండా పట్టుకున్నప్పుడు అదే బరువుండేది.

లోపల గూటి దగ్గర టకటక.

"ఎల్లు," అంది తవిటమ్మ. "పిలుస్తన్నారు. ఎవులో ఏటో పాపం, పని సూడు."

*

వచ్చింది ఛాతీ ఫిల్ము. చీకటిగదిలో పనిచేసేవాడికి మనిషి ముఖం తెలియదు, సీసపు నంబరే తెలుస్తుంది. నలభై ఒకటి. గవరయ్య గడియ వేశాడు. పెట్టె తెరిచి, ఫిల్మును అంచులతో పట్టి తీసి, నాలుగు మూలలూ చట్రానికి బిగించాడు. తొట్టిలో దించి, బుడగలు పోయేలా రెండుసార్లు తట్టి, లెక్క మొదలుపెట్టాడు.

తొంభై దాకా వచ్చాడు. తలుపు తట్టారు.

"ఫిల్ము తొట్టిలో ఉంది," అన్నాడు బెంగాలీలో.

"మావా!" నాగేశ్వరి గొంతు. "మావా, తలుపు తియ్యి. పెద్దమ్మ పిలిస్తే పలకడం నేదు."

తొంభై ఏడు. తొంభై ఎనిమిది. చట్రం పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది. ఎర్రవెలుతుర్లో ఫిల్ముమీద పక్కటెముకలు ఒక్కోటీ తేలుతున్నాయి. భుజం వచ్చింది. గుండె అంచు వచ్చింది.

"మావా! బేగి తియ్యి!"

"ఐదు నిమిషాలే," అన్నాడు. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని అతనికి తెలుసు. నూటరెండు, నూటమూడు. బయట పరుగు చప్పుడు, ఎవరో డాక్టరుబాబును పిలవడం, బల్ల నేలమీద జరగడం. నలభై ఒకటో నంబరు మనిషి ఎవరో, ఈ ఫిల్ముకోసం ఎంత దూరంనుంచి తడుస్తూ వచ్చాడో. ఒక ఫిల్మును తను సరిగ్గా చూడలేదు. ఇంకోదాన్ని చేతులారా చంపలేడు. అప్పుడు అతనికి తోచింది అంతే. నల్లబడితే నల్లబడనీ, నిమాయి ఇంకోటి తీస్తాడు, దానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ సంగతి తర్వాత తోచింది. తర్వాత బతికినన్నాళ్ళూ తోస్తూనే ఉంది.

మూడువందలకు ఫిల్ము పైకెత్తాడు. నీళ్ళలో ముంచి, హైపోలో దించి, ఇంకో అరవై లెక్కపెట్టి, చట్రం చేత్తో పట్టుకునే గడియ తీశాడు.

తవిటమ్మ బల్లమీదే ఉంది. తల గోడకు ఆనింది, కళ్ళు సగం మూసి ఉన్నాయి, నోరు కొంచెం తెరుచుకుంది. మృత్యుంజయ బాబు తడినేలమీద మోకాళ్ళమీద కూర్చుని స్టెతస్కోపు చెవుల్లోంచి తీస్తున్నాడు. నాగేశ్వరి ఆమె పాదాలు పట్టుకుని ఏడుస్తోంది.

"నెత్తురు గడ్డ ఏదో వచ్చి అడ్డుపడి ఉంటుంది," అన్నాడు డాక్టరు. "ఈ జబ్బులో అవుతుంది. నొప్పి తెలిసి ఉండదు." గవరయ్య చేతిలో ఇంకా కారుతున్న చట్రాన్ని చూశాడు. చూపు మళ్ళించుకున్నాడు.

"ఎంతసేపయింది సార్?"

"నేను వచ్చేసరికే లేదు."

నాగేశ్వరి తలెత్తి గవరయ్య వంక చూసింది.

తర్వాత పనులన్నీ వాటంతటవే జరిగాయి. క్వార్టర్లనుంచి పొరుగింటి పోలయ్య, ఇంకో నలుగురు గొడుగుల్లేకుండా వచ్చారు. కార్పొరేషన్ యూనియన్ ఆఫీసువాళ్ళు ఎవరికో ఫోన్ చేసి, నీళ్ళలో నడవగలిగే పెద్ద బండి ఒకటి తెప్పించారు. తెల్లగుడ్డ కప్పి ఎక్కించారు. గవరయ్య బండి ఎక్కబోతూ ఆగి, తను తిరిగి కడుగు తొట్టిలో దించిన నలభై ఒకటో ఫిల్ము అక్కడే ఉండిపోయిందని నిమాయికి చెప్పాడు. సరే, నువ్వెళ్ళు దాదా, అన్నాడు నిమాయి. ఆ ఫిల్ము అతనే ఆరబెట్టాడు. అందులో ఏ మచ్చా లేదు.

బండి కదలబోతుండగా నాగేశ్వరి పరిగెత్తుకొచ్చింది.

"మావా, పెద్దమ్మ సంచి. బల్లకింద ఉండిపోనాది."

ఒళ్ళో పెట్టుకుని విప్పాడు. పైన తడి తువ్వాలు. దానికింద, చీర అంచు చింపి రెండు పేటలుగా కట్టిన కట్ట ఒకటి. బస్తీ డాక్టరు రాసిన క్షయ మాత్రల రేకు అట్టలు. వేసుకున్నవాటిని పారేయకుండా, వంకరలు సాపుచేసి, ఒకదానిమీదొకటి పేర్చి, డాక్టరుబాబుకు చూపించడానికే తెచ్చినట్టుంది. డిసెంబరునుంచి ఒక్కరోజూ తప్పలేదు, ప్రతి గుంటా ఖాళీగా ఉంది. అన్నిటికన్నా పైనున్న అట్టలో మాత్రం నాలుగు మాత్రలు ఇంకా మిగిలున్నాయి. జబ్బు కాన్సరని తేలి వారమైనా, వాటి పక్క గుంటమీది రేకు ఆ ఉదయమే గోటితో చీల్చినట్టుంది, అంచులు నలగకుండా మెరుస్తున్నాయి.